దుస్తుల మాటున ధరించే చిన్న పిస్టల్

బయటికి కనబడకుండా, రోజంతా ఒంటిమీద ఉంచుకోవడానికి వీలుగా తయారైన పొట్టి పిస్టళ్ళు, రివాల్వర్లు ఈ వర్గంలోకి వస్తాయి. ఆత్మరక్షణ కోసం లైసెన్సున్న పౌరులు, మఫ్టీలో తిరిగే పోలీసులు వీటిని వాడతారు. వీటి వాడకం అన్ని దేశాలకంటే అమెరికాలో ఎక్కువ. అక్కడి చట్టం, మార్కెట్టు, పోలీసుల అవసరాలు కలిసి ఈ ఆయుధాలకు ఇప్పటి రూపం ఇచ్చాయి. అందువల్ల ఈ వ్యాసం ముఖ్యంగా అమెరికాకు సంబంధించినది. భారతదేశపు స్థితిని విడిగా చూపడమైంది.

యూనిఫాంలో ఉన్న పోలీసు నడుముకు పైకే తగిలించుకొనే పిస్టల్‌ను దాచనక్కర్లేదు. మాటున ధరించే పిస్టల్ సంగతి వేరు. అది రోజుకు చాలా గంటలు ఒంటిని అంటిపెట్టుకొని ఉంటుంది. పేల్చవలసిన సందర్భం చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా రాదు. మోయడానికి హాయిగా ఉండాలంటే తుపాకి చిన్నగా, తేలికగా ఉండాలి. గురి తప్పకుండా పేల్చాలంటే పెద్దగా, బరువుగా ఉండాలి. మార్కెట్లో దొరికే ప్రతి నమూనా ఈ రెండు అవసరాల మధ్య ఎక్కడో ఒకచోట కుదిరిన రాజీ. ఎంపిక అంటే ఆ రాజీ తన చేతికి, తన దినచర్యకు, తన ఇంటికి ఎక్కడ కుదురుతుందో తేల్చుకోవడం.

చరిత్ర

19వ శతాబ్దపు తొలి సగంలో ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్ అరచేతిలో ఇమిడే ఒంటి గుండు పిస్టళ్ళు తయారుచేశాడు. 1865 ఏప్రిల్ 14న అబ్రహాం లింకన్‌ను కాల్చింది అలాంటి పిస్టల్‌తోనే. ఆ తరువాత డెరింజర్ అన్న పేరు జేబు తుపాకులన్నిటికీ సామాన్యనామమైంది. అదే కాలంలో శామ్యూల్ కోల్ట్ జేబు రివాల్వర్లు తెచ్చాడు. .31 కాలిబర్‌తో వచ్చిన 1849 నమూనా 3 లక్షలకు పైగా తయారైంది. కోల్ట్ రివాల్వర్లలో పెద్ద సైనిక నమూనాలకు పేరెక్కువ వచ్చినా జనం కొన్నది ఈ చిన్నదాన్నే. 1857లో స్మిత్ అండ్ వెసన్ లోహపు తూటా వాడే రివాల్వర్ తెచ్చింది. దానితో మందు, గుండు విడివిడిగా దట్టించే శ్రమ తప్పింది.

ఆటోమేటిక్ జేబు పిస్టల్ చరిత్రలో ముందు చెప్పుకోవలసిన పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్ (1855–1926). బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కర్మాగారానికీ, అమెరికాలోని కోల్ట్ కంపెనీకీ ఆయన వరుసగా నమూనాలు ఇచ్చాడు. 1903 నాటి కోల్ట్ పాకెట్ పిస్టల్‌లో హ్యామర్‌ను స్లైడు లోపల దాచాడు. జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకు తగులుకోకుండా ఉండేందుకు చేసిన ఆ ఏర్పాటు నేటి నమూనాల్లో కూడా కొనసాగుతోంది. .25 ఏసీపీ, .32 ఏసీపీ, .380 ఏసీపీ తూటాలు కూడా ఆయన పనితోనే పుట్టాయి. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చిన తుపాకి ఎఫ్‌ఎన్ 1910 నమూనా.

1927లో కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ వచ్చింది. సుమారు 51 మి.మీ. గొట్టం, ఆరు .38 స్పెషల్ తూటాలు గల ఈ పొట్టి రివాల్వర్ అమెరికా డిటెక్టివులకు గుర్తింపు చిహ్నమైంది. 1950లో స్మిత్ అండ్ వెసన్ ఐదు తూటాల చీఫ్స్ స్పెషల్ తెచ్చింది. ఒక తూటా తగ్గించడంతో సిలిండర్ సన్నబడి, నడుము దగ్గర ఉబ్బు తగ్గింది. ఐరోపాలో 1929లో వాల్టర్ పీపీ, 1931లో దానికంటే పొట్టిదైన పీపీకే వెలువడ్డాయి. మొదటి గుండుకు ట్రిగ్గర్ పొడవుగా, గట్టిగా నొక్కాలి; తరువాతి గుళ్ళకు తేలికగా. చాంబర్‌లో తూటా ఉంచి కూడా కొంత భద్రంగా మోయగల ఆ పద్ధతికి వాల్టర్ పిస్టళ్ళే ప్రచారం తెచ్చాయి.

అమెరికా చట్టాలు తుపాకుల ఆకారాన్ని సైతం మార్చాయి. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ చిన్న పిస్టళ్ళ దిగుమతికి కొలతలు విధించింది. పీపీకే ఎత్తు చాలలేదు. దాని స్లైడును పీపీ ఫ్రేముకు బిగించి పీపీకే/ఎస్ అన్న నమూనాను అమెరికా కోసమే చేశారు. 1994 నుంచి 2004 వరకు కొత్తగా తయారయ్యే పౌర మ్యాగజైన్లు పది తూటాలకు మించరాదన్న ఫెడరల్ నిబంధన ఉండేది. పదికి మించి పట్టనప్పుడు పెద్ద పిస్టల్ మోయడమెందుకన్న ఆలోచనతో కొనుగోలుదారులు చిన్న 9 ఎం.ఎం. పిస్టళ్ళ వైపు మళ్ళారు. 1990ల మధ్యలో వచ్చిన గ్లాక్ 26 ఆ గిరాకీకి సరిగ్గా అందింది.

తరువాతి పెద్ద మలుపు 2018లో వచ్చిన సిగ్ పీ365. అంతకుముందు, 2012 నాటి స్మిత్ అండ్ వెసన్ షీల్డ్, 2015 నాటి గ్లాక్ 43 వంటి సన్నని 9 ఎం.ఎం. పిస్టళ్ళలో తూటాలు దాదాపు ఒకే వరుసలో ఉండేవి. గ్లాక్ 43లో పట్టేవి ఆరు. పీ365 మ్యాగజైన్ కింద రెండు వరుసలుగా ఉండి పైకి పోయేకొద్దీ ఒక వరుసగా సన్నబడుతుంది. దాదాపు అదే పరిమాణంలో పది తూటాలు పట్టాయి. మరుసటి ఏడాది పదకొండు పట్టే స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, 2021లో షీల్డ్ ప్లస్, రూగర్ మ్యాక్స్-9 వెలువడ్డాయి.

పరిమాణాన్నిబట్టి వర్గాలు

ఈ వర్గాలకు చట్టబద్ధమైన హద్దులు లేవు. తయారీదారులు వాడుకగా పెట్టినవే. అందుచేత ఒక కంపెనీ కాంపాక్ట్ అన్నది ఇంకొక కంపెనీ లెక్కలో వేరే వర్గం కావచ్చు.

కాంపాక్ట్ వర్గానికి 1988లో వచ్చిన గ్లాక్ 19 కొలబద్ద: గొట్టం 102 మి.మీ., పదిహేను తూటాలు, ఖాళీగా సుమారు 600 గ్రాములు. పోలీసు విధులకూ, దాచి ధరించడానికీ రెంటికీ పనికివస్తుంది. దానికంటే చిన్నవి సబ్‌కాంపాక్ట్‌లు. వాటిలో సన్నగా ఉండి ఎక్కువ తూటాలు పట్టేవాటిని మైక్రోకాంపాక్ట్ అంటున్నారు, 79 మి.మీ. గొట్టం, సుమారు 500 గ్రాముల బరువు గల పీ365 వీటికి నమూనా. అన్నిటికంటే చిన్నవి జేబు పిస్టళ్ళు. 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ .380 ఏసీపీ తూటాలు ఆరు పట్టి, సుమారు 270 గ్రాములే తూగుతుంది. పొట్టి గొట్టపు రివాల్వర్లది వేరే శాఖ. అల్యూమినియం మిశ్రమంతో చేసిన స్మిత్ అండ్ వెసన్ 642 ఐదు తూటాలతో, ఖాళీగా 400 గ్రాములకు కొంచెం పైన ఉంటుంది.

పనిచేసే విధానం

9 ఎం.ఎం. చిన్న పిస్టళ్ళలో ఎక్కువ భాగం బ్రౌనింగ్ రూపొందించిన కురుచ రికాయిల్ పద్ధతినే అనుసరిస్తాయి. పేలినప్పుడు గొట్టం, స్లైడు కలిసి కొద్ది దూరం వెనక్కి వస్తాయి. తరువాత గొట్టం వెనుక భాగం కిందికి వంగి స్లైడు నుంచి విడిపోతుంది. స్లైడు ఒక్కటే వెనక్కి పోయి ఖాళీ డొల్లను విసిరేసి, ముందుకు వస్తూ కొత్త తూటాను చాంబర్‌లోకి తోస్తుంది. పీపీకే వంటి వాటిలో గొట్టం కదలదు. స్లైడు బరువు, స్ప్రింగు బలమే ఒత్తిడిని ఆపుతాయి. దీన్ని బ్లోబ్యాక్ అంటారు. సమానమైన తూటాకు బ్లోబ్యాక్ పిస్టల్ చేతికి ఎక్కువ దెబ్బ ఇస్తుంది. చిన్నదీ, పాతదీ కాబట్టి మెత్తగా ఉంటుందని పీపీకే వర్గాన్ని ఎంచుకొనేవారు ఈ సంగతి గమనించాలి.

చిన్న పిస్టల్‌లో స్లైడు పొట్టిది, తేలికైనది. దాని వేగాన్ని అదుపు చేయడానికి స్ప్రింగు గట్టిగా ఉండాలి. అందుకే వేళ్ళలో బలం తక్కువున్నవారికి, కీళ్ళనొప్పులున్న పెద్దవారికి చిన్న పిస్టల్ స్లైడు లాగడం కష్టమవుతుంది. ఈ ఇబ్బందిని చూసి స్మిత్ అండ్ వెసన్ 2018లో తేలికగా లాగగల షీల్డ్ ఈజడ్ నమూనాను తెచ్చింది. రివాల్వర్‌కు ఈ సమస్య లేదు. అయితే దాని డబుల్ యాక్షన్ ట్రిగ్గర్‌కు సాధారణంగా ఐదు కిలోల వరకు ఒత్తిడి కావాలి. గ్లాక్ వంటి స్ట్రైకర్ పద్ధతి పిస్టళ్ళలో అది ఇంచుమించు రెండున్నర నుంచి మూడు కిలోలు.

తన్ను, బరువు, పిడి

కొత్తగా కొనేవారు బాగా చిన్నదాన్ని కోరుకోవడం మామూలు. భౌతికశాస్త్రం దానికి అడ్డు వస్తుంది. ఒకే తూటాను 600 గ్రాముల తుపాకిలోనూ 300 గ్రాముల తుపాకిలోనూ పేల్చితే తుపాకి పొందే ద్రవ్యవేగం రెండింటిలోనూ దాదాపు ఒకటే. బరువు సగమైనది రెట్టింపు వేగంతో వెనక్కి తన్నుతుంది. చేతికి చేరే శక్తీ రెట్టింపవుతుంది. నొప్పి పుట్టించే తుపాకితో ఎవరూ ఇష్టంగా సాధన చేయరు. సాధన లేనివారి చేతిలో అది యజమానికీ, చుట్టుపక్కలవారికీ కూడా ప్రమాదమే. ఈ కారణంగా అనుభవజ్ఞులైన శిక్షకులు చాలామంది మొదటి తుపాకిగా బాగా చిన్న పిస్టల్‌ను సిఫారసు చేయరు. అద్దెకు తుపాకులిచ్చే షూటింగ్ రేంజిలో రెండు మూడు నమూనాలు పేల్చి చూశాకే కొనమంటారు. ఈ సలహా సరైనది. దుకాణపు గాజు బల్ల మీద చేతికి ఒదిగినట్టున్న పిస్టల్ యాభై గుళ్ళు పేల్చేసరికి వేరుగా అనిపించవచ్చు.

దాచడంలో అసలు ఇబ్బంది గొట్టంతో కాదు, పిడితో. గొట్టం ప్యాంటు లోపల కాలివెంబడి నిలువుగా ఉంటుంది. అది రెండు సెంటీమీటర్లు పెరిగినా బయటికి తెలియదు. పిడి నడుముకు పైన అడ్డంగా పొడుచుకొని చొక్కాను ఎత్తిపడుతుంది. పిడి పొట్టిదైతే చిటికెన వేలికి చోటుండదు, పట్టు సడలుతుంది. పట్టు సడలితే మణికట్టు తుపాకితోపాటు వెనక్కి పోయి, స్లైడు పూర్తి దూరం కదలక తూటా ఇరుక్కుంటుంది. ఈ లోపం తేలికైన చిన్న పిస్టళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి పొడవైన గొట్టం, పొట్టి పిడి కలసిన నమూనాలు కాగితం మీద వింతగా కనబడినా ధరించేవారికి నప్పుతాయి.

ట్రిగ్గర్ మీద చూపుడు వేలి మొదటి కణుపు సహజంగా పడాలి. అందుకోసం మణికట్టు తిప్పవలసి వస్తే ఆ పిడి ఆ చేతికి పెద్దది. కొన్ని నమూనాల్లో పిడి వెనుక పలకలు మార్చుకోవచ్చు. ఎడమచేతివాటం వారు మ్యాగజైన్ మీట రెండు వైపులా అమరేదా కాదా చూసుకోవాలి.

తూటా (చూ. కాలిబర్, ఫ్రేము బరువు)

నేడు ఈ వర్గంలో ఎక్కువ వాడుకలో ఉన్నది జార్జ్ లూగర్ రూపొందించిన 9 ఎం.ఎం. పారాబెల్లం. సుమారు 7.5 గ్రాముల గుండును అది సర్వీసు పిస్టల్ నుంచి సెకనుకు దాదాపు 350 మీటర్ల వేగంతో పంపుతుంది. .380 ఏసీపీలో ఆరు గ్రాముల గుండు సుమారు 290 మీటర్ల వేగంతో పోతుంది. గొట్టం పొట్టిదైనకొద్దీ రెండింటి వేగమూ తగ్గుతుంది.

1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. దాని తరువాత ఆ సంస్థ తూటాల పరీక్షా పద్ధతిని కొత్తగా రూపొందించింది. జెలటిన్ దిమ్మెలో గుండు 12 నుంచి 18 అంగుళాలు, అంటే సుమారు 30 నుంచి 46 సెంటీమీటర్ల లోతు పోవాలన్నది అందులో ముఖ్య కొలమానం. ముందు 10 ఎం.ఎం.కూ, ఆపైన .40 ఎస్ అండ్ డబ్ల్యూకూ మారిన ఎఫ్‌బీఐ గత దశాబ్దంలో తిరిగి 9 ఎం.ఎం.కు వచ్చింది. కొత్త తరం గుళ్ళు సమానంగా పనిచేస్తున్నాయనీ, తన్ను తక్కువ కావడంతో ఏజెంట్ల గురి మెరుగవుతోందనీ అది చెప్పిన కారణం. పౌరులకూ ఇదే తర్కం వర్తిస్తుంది. గుండు లక్ష్యాన్ని దాటిపోతే వెనుకనున్నవారికి తగిలే ప్రమాదం ఉండడం వల్ల, తగిలాక విచ్చుకొని వేగం కోల్పోయే బోలుమొన గుళ్ళనే రక్షణకు వాడతారు. సాధనకు చవకైన మామూలు గుళ్ళు.

హోల్‌స్టర్, ధరించే తీరు

హోల్‌స్టర్ లేకుండా పిస్టల్‌ను నడుములో దోపుకోవడం ప్రమాదకరం. మంచి హోల్‌స్టర్‌కు మూడు గుణాలు కావాలి: ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పడం, పరుగెత్తినా వంగినా తుపాకి జారకుండా పట్టడం, తుపాకి తీసినప్పుడు నోరు మూసుకుపోకపోవడం. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్, తోలు రెండూ వాడుకలో ఉన్నాయి. పాతబడి మెత్తబడిన తోలు మడతపడి ట్రిగ్గర్‌ను నొక్కే అవకాశం ఉంది. పిస్టల్‌ను తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గర్‌లో చిక్కి పేలే ప్రమాదమూ ఉంటుంది. తీయడంలో వేగం అవసరం కావచ్చు గాని, తిరిగి పెట్టడంలో తొందర అనవసరం.

ఎక్కువమంది ప్యాంటు లోపల, కుడి తుంటి వెనుకగానో, పొట్టకు ముందుగానో ధరిస్తారు. ఏది ఎంచుకున్నా బరువుకు వంగని గట్టి బెల్టు ఉండాలి. జేబులో పెట్టేవారు ఆ జేబులో తాళాలూ చిల్లరా ఉంచరు. చీలమండ హోల్‌స్టర్ ఎక్కువసేపు కూర్చొనేవారికి, డ్రైవర్లకు అనుకూలం.

చేతిసంచిలో పెట్టుకోవడం స్త్రీలకు సులువైన మార్గంగా ప్రచారంలో ఉంది. కాని సంచి ఒంటిని విడిచి ఉంటుంది. దొంగ చేతికీ, పిల్లల చేతికీ అందుతుంది. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలోని హేడెన్‌లో, ఒక దుకాణంలో తల్లి చేతిసంచిలోని పిస్టల్‌ను రెండేళ్ళ బాలుడు అందుకోగా అది పేలి ఆమె మరణించింది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పద్ధతిని ఎంచుకోకపోవడమే మంచిది.

భద్రత, నిల్వ

శిక్షకుడు జెఫ్ కూపర్ (1920–2006) ప్రచారంలోకి తెచ్చిన నాలుగు నియమాలు నేటికీ శిక్షణకు పునాది. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి. నాశనం చేయదలచని దేనివైపూ గొట్టం తిప్పరాదు. గురి కుదిరేవరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టరాదు. లక్ష్యం ఏమిటో, దాని వెనుక ఏముందో తెలియనిదే కాల్చరాదు.

కింద పడినా పేలకుండా చాలా ఆధునిక పిస్టళ్ళలో ఫైరింగ్ పిన్‌ను ఆపే అడ్డు ఉంటుంది. కాలిఫోర్నియా 2001 నుంచి కింద పడవేసే పరీక్ష నెగ్గిన నమూనాలనే దుకాణాల్లో అమ్మనిస్తోంది. చేతితో వేసే సేఫ్టీ కావాలా వద్దా అన్నదానిపై శిక్షకుల్లో ఏకాభిప్రాయం లేదు. ఉన్నవారు దాన్ని తీయడం చేతికి అలవాటయ్యేవరకు సాధన చేయాలి.

ధరించని వేళ పిస్టల్ తాళం వేసిన పెట్టెలో ఉండాలి. తలగడ కిందా, కారు సీటు కిందా ఉంచడం నిల్వ కాదు. పిస్టల్ ధరలో కొంత భాగాన్ని మొదటే ఈ పెట్టెకు కేటాయించడం ఎంపికలో భాగంగానే చూడాలి.

అమెరికాలో చట్టం (చూ. రెండవ సవరణ)

దాచి ధరించడంపై నిషేధం కొత్తది కాదు. 1813లోనే కెంటకీ, లూసియానా అలాంటి చట్టాలు చేశాయి. న్యూయార్క్ 1911లో సలివన్ చట్టంతో చేతితుపాకులకు లైసెన్సు పెట్టింది. 1987లో ఫ్లోరిడా, అర్హతలున్న దరఖాస్తుదారుకు అనుమతి ఇచ్చితీరాలన్న పద్ధతికి మారాక చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2013లో ఇల్లినాయ్ చేరడంతో ఏదో ఒక రూపంలో అనుమతించని రాష్ట్రం మిగలలేదు. ఆయుధం ఉంచుకోవడం వ్యక్తి హక్కని 2008లో సుప్రీంకోర్టు హెల్లర్ తీర్పులో చెప్పింది. ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ షరతును సుప్రీంకోర్టు 2022 జూన్ 23న బ్రూయన్ తీర్పులో కొట్టివేసింది. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో అర్హులైన వయోజనులు అనుమతిపత్రం లేకుండానే దాచి ధరించవచ్చు. బ్రూయన్ తరువాత న్యూయార్క్ చేసిన చట్టం మాత్రం 16 గంటల తరగతి, రెండు గంటల కాల్పుల శిక్షణ తప్పనిసరి చేసింది. ఒక రాష్ట్రపు అనుమతి పొరుగు రాష్ట్రంలో చెల్లకపోవచ్చు.

లైసెన్సున్న దుకాణంలో చేతితుపాకి కొనడానికి ఫెడరల్ చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండాలి. నేపథ్య తనిఖీ జరుగుతుంది. అక్కడి తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన నిబంధన ఒకటుంది. ఎఫ్-1, హెచ్-1బీ వంటి నాన్ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని, తూటాలు గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

భారతదేశంలో

1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నియమాలు ఇక్కడ వర్తిస్తాయి. లైసెన్సు హక్కు కాదు. జిల్లా యంత్రాంగం గాని, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనర్ గాని అవసరాన్ని విచారించి ఇస్తారు. 2019 సవరణతో ఒక వ్యక్తికి గరిష్ఠంగా రెండు తుపాకులే అనుమతి. లైసెన్సు గడువు ఐదేళ్ళకు పెరిగింది. 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు కావడంతో సామాన్య లైసెన్సుదారులు .32 బోరు రివాల్వర్లు, పిస్టళ్ళు వాడతారు. 2014లో కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం స్త్రీలను ఉద్దేశించి 500 గ్రాముల నిర్భీక్ రివాల్వర్‌ను విడుదల చేసింది.

అమెరికా నుంచి వచ్చేవారు రేంజికి తీసుకెళ్ళిన సంచినే ప్రయాణానికి వాడడం మంచిది కాదు. అడుగున మిగిలిన ఒక్క తూటా దొరికినా భారత విమానాశ్రయాల్లో ఆయుధాల చట్టం కింద కేసు నమోదు కావచ్చు. తెలిసి కలిగి ఉండడం నేరానికి అవసరమని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది గాని, అది నిరూపించుకొనేలోగా ప్రయాణం ఆగిపోతుంది.

సామాజిక ప్రభావం, పరిశోధన

ప్యూ పరిశోధన కేంద్రం 2023 సర్వేలో తుపాకి యజమానుల్లో 72 శాతం రక్షణ ఒక ముఖ్య కారణమన్నారు. దాచి ధరించే చట్టాలు నేరాలను తగ్గిస్తాయని 1998లో జాన్ లాట్ పుస్తకం వాదించింది. 2004లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి సంఘం ఆ ఆధారాలు ఎటూ తేల్చడానికి చాలవంది. తరువాతి అధ్యయనాలను సమీక్షించిన రాండ్ సంస్థ, అనుమతులు సడలించడం తుపాకి హత్యల పెరుగుదలతో ముడిపడి ఉందన్న వైపు మొగ్గింది. ఆత్మరక్షణకు తుపాకి ఎన్నిసార్లు ఉపయోగపడుతోందన్న అంచనాలు సర్వే పద్ధతినిబట్టి ఏడాదికి పదుల వేల నుంచి లక్షల దాకా మారుతున్నాయి.

ఆత్మహత్యల విషయంలో ఆధారాలు స్పష్టంగా ఉన్నాయి. 2021లో అమెరికాలో తుపాకి మరణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని పరిశీలించి 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చేతితుపాకి ఉన్న పురుషులు లేనివారికంటే దాదాపు ఎనిమిది రెట్లు, స్త్రీలు దాదాపు 35 రెట్లు ఎక్కువగా తుపాకితో ఆత్మహత్యకు లోనయ్యారు. ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన కుంగుబాటు ఉన్నప్పుడు తుపాకిని కొంతకాలం ఇంటి బయట ఉంచమని వైద్యులు సూచిస్తారు. అలా ఉంచడానికి అంగీకరించే దుకాణాలు, పోలీసు కార్యాలయాలు ఎక్కడున్నాయో చూపే పటాలు కొలరాడో, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో అందుబాటులో ఉన్నాయి.